నూటికి తొమ్మిది వందల తొంభై

"ఇక నుంచి పౌరుడికి ఏ పని జరగాలన్నా ముందు నా ముఖం కనబడుతుంది. ముఖం కనబడకుండా పనులు జరిగిపోయే చీకటి రోజులు పోయాయి" అని డిజిటల్ సేవల మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు.

విలేకరులు బుద్ధిగా రాసుకున్నారు. ఒకతను మాత్రం, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టున్నాడు, చెయ్యెత్తి "ముఖానికీ పనికీ సంబంధం ఏమిటండీ?" అని అడిగాడు. మంత్రిగారు కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. "సంబంధం లేదనే కదయ్యా ఇన్నాళ్ళూ అందరూ నన్ను ఆడిపోసుకునేది. అది కలపడానికే ఈ పథకం" అన్నారు.

పథకం పేరు 'ఒకే గుమ్మం'. పుట్టిన కాగితం దగ్గర్నుంచి పోయిన కాగితం దాకా, మధ్యలో బస్సు పాసు, నీళ్ళ కనెక్షను, ఆసుపత్రి చీటీ, అన్నీ ఆ ఒక్క పోర్టల్లోనే దొరుకుతాయి. అది అంతకుముందు నుంచే ఉంది, దాని మానాన అది నడుస్తోంది. దానికి ప్రాణప్రతిష్ఠ చేసింది మాత్రం ఈ మంత్రిగారే. పోర్టల్లో ఏ పని తెరిచినా ముందు ఆయన ఫొటో రావాలి. సగం ముఖం వచ్చి ఆగిపోతే అమర్యాద కనుక, నుదురు నుంచి గడ్డం దాకా పూర్తిగా వచ్చేదాకా తర్వాతి పేజీ కదలకూడదని ఉత్తర్వులో స్పష్టంగా రాయించారు. ఇంత దూరదృష్టి ఉన్నవాళ్ళు ఒక శాఖతో సరిపెట్టుకోవడం మన దురదృష్టం.

ఆ సమావేశంలో వెనక వరసలో కూర్చున్నవాడు ఆ శాఖ చీఫ్ ఇంజనీరు. ఆయన అసలు పేరు జీతం బిల్లులో ఉందేమో గానీ, ఆఫీసులో అందరూ సరేసారు అనే అంటారు. ఎందరో మంత్రుల దగ్గర పనిచేశాడు, ఎవరేం చెప్పినా "సరే సార్" తప్ప ఇంకో మాట అనలేదు. ఆ మాట వల్ల ఆయన ఎవరికీ చెడ్డ కాలేదు, ప్రమోషన్లు కూడా వేళకు వచ్చాయి.

మర్నాడు ఆఫీసులో ఆయన బల్ల ముందు టెస్టింగ్ మేడమ్ నిలబడింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ చెడిపోతుందో జనానికంటే ముందు కనిపెట్టి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అంచేత ఆవిడంటే ఆఫీసులో ఎవరికీ గిట్టదు.

"సార్, ఫొటో రాకపోతే?" అంది.

"ఎందుకు రాదమ్మా? మంత్రిగారి ఫొటో అది."

"ఆ సంగతి సర్వర్‌కి తెలియదు కదా సార్. ఇప్పటిదాకా ఎవరి పని వాళ్ళది. బస్సు పాసు ఆగితే బస్సు పాసే ఆగేది. ఇప్పుడు అన్నిటినీ తెచ్చి ఫొటోకి కట్టేస్తున్నాం. అది కూలబడితే అన్నీ కూలబడతాయి. పోనీ, ఫొటో కోసం కాసేపు చూసి, రాకపోతే పేజీ ముందుకెళ్ళిపోయేలా రాద్దాం."

సరేసారు నొచ్చుకున్నాడు. "మంత్రిగారి కోసం కాసేపు చూసి, రాకపోతే వెళ్ళిపోవడమా? బహిరంగసభలో జనం ఆయన వచ్చేదాకా ఎండలో కూర్చోవడం లేదూ? మనుషులే కూర్చుంటుంటే ఈ సాఫ్ట్‌వేర్‌కేం పోయేకాలం?"

ఇంత చక్కటి పోలిక దొరికాక ఇక చర్చ ఏముంటుంది. సభ ఎలా నడుస్తుందో సాఫ్ట్‌వేర్ కూడా అలాగే రాశారు. ఫొటో వచ్చేదాకా అన్నీ కూర్చుంటాయి. ఖాళీగా కూర్చుంటే జనం విసుక్కుంటారని, తెర మీద ఒక చక్రం తిరుగుతూ 'మంత్రిగారు వస్తున్నారు' అనే అక్షరాలు కనబడే ఏర్పాటు కూడా చేశారు.

ఆ సాయంత్రం సరేసారు ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య ఒక కన్ను మూసుకుని గోడ గడియారం కేసి చూస్తోంది. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు.

"కుడికంట్లో తెర దిగుతోందండీ" అంది తాపీగా. "నాటకం అయిపోయాక దించుతారే, అలా."

కంటి డాక్టరు దీపం వేసి చూసి, కుడికంటి లోపలి పొర ఊడుతోందని చెప్పింది. ఎడమకంట్లోనూ అది మొదలయ్యే ఆనవాళ్ళు ఉన్నాయట. "రెండూ ఒకేసారి ముట్టుకోను. ముందు కుడిది చేసి, అది కుదుటపడ్డాక ఎడమది చేద్దాం. కానీ ఆలస్యం చేసేకొద్దీ చూపు పోతుంది. పోయింది మళ్ళీ రాదు" అంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ సరేసారు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతికి ఇచ్చింది ఆవిడే. ఇంట్లో రెండు జతల కళ్ళుంటే చూసేవి ఆ రెండే.

ఊళ్ళో కంటి ఆసుపత్రి ఒకటే, అదీ ప్రభుత్వానిదే. మంత్రిగారి పుణ్యమా అని అదీ 'ఒకే గుమ్మం'లోకి వచ్చింది. ఆపరేషన్ థియేటర్ తలుపు, మత్తుమందు బీరువా, రెండూ పోర్టల్ తెరిస్తేనే తెరుచుకుంటాయి. పాత తాళంచెవులు సంచిలో కట్టి, సీలు వేయించి, ఆసుపత్రి సూపరింటెండెంటుగారు తన సొరుగులో దాచారు. సీలు తీస్తే ఉద్యోగం పోతుందని ఆయనకు ఉత్తర్వు ఉంది.

పథకం మొదలైన కొత్తలో బ్రహ్మాండంగా నడిచింది. ఫొటో ఠంచనుగా వచ్చేది, పని దాని వెనకాలే నడిచి వచ్చేది. ఒకే ఒక్క ఫిర్యాదు. తండ్రి పోయాడని కాగితం తీసుకోవడానికి వెళ్ళిన ఒకాయన, "మా నాన్న పోయాడని చెబితే మంత్రిగారు ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నారండీ" అని వాపోయాడు.

మంత్రిగారి మనసు వెన్న. వెంటనే సందర్భానికి తగిన ముఖాలు సిద్ధం చేయమన్నారు. పుట్టుకకు నవ్వు, చావుకు విషాదం, జరిమానాకు తండ్రిలాంటి గద్దింపు, ఆపరేషన్‌కు ధైర్యం చెప్పే చూపు. ఫొటోలు తీసే రోజున విషాదం ఎంతకీ కుదర్లేదు. ఫొటోగ్రాఫరు "పోయినసారి ఓడిపోయిన సంగతి తలుచుకోండి సార్" అన్నాక కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత నవ్వు తెప్పించడానికి పార్టీవాళ్ళు అందరూ కూడి జిందాబాద్‌లు కొట్టాల్సి వచ్చింది.

ఏ పనికి ఏ ముఖం రావాలో నిర్ణయించే మాడ్యూల్ తయారీని మంత్రిగారి బామ్మర్దికి అప్పగించారు. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది, బావగారి ముఖం గురించి ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు. అయితే సంతాపదినాల్లో ఏ పనికీ నవ్వకూడదు కనుక, ఆ మాడ్యూల్ ముందుగా సాంస్కృతిక శాఖ క్యాలెండరును అడిగి తెలుసుకుంటుంది. సాంస్కృతిక శాఖ క్యాలెండరు ఆ శాఖ గదిలోనే ఒక కంప్యూటర్లో ఉంటుంది. కరెంటు పొదుపు కోసం ఆ శాఖవాళ్ళు సెలవు రోజున దాన్ని ఆపేసి వెళ్తారు.

టెస్టింగ్ మేడమ్ మళ్ళీ వచ్చి నిలబడింది.

"సార్, థియేటర్ తలుపు ఫొటో కోసం ఆగుతుంది. ఫొటో ఏ ముఖమో తెలిసేదాకా ఆగుతుంది. ముఖం క్యాలెండరు కోసం ఆగుతుంది. క్యాలెండరు, పొద్దున్నే వచ్చి స్విచ్ వేసే గుమాస్తా కోసం ఆగుతుంది. అంటే కత్తి డాక్టరు చేతిలో ఉన్నా, తలుపు ఆ గుమాస్తా చేతిలో ఉంది."

"ఆయన మంచివాడేనమ్మా. నాకు తెలుసు."

"మంచివాడే సార్. సెలవు పెడతాడు."

సరేసారు ఆవిడ రాసిచ్చిన కాగితం మీద 'చూశాను' అని రాసి పక్కన పెట్టాడు. చూసినమాట నిజమే.

టీచరమ్మ ఆపరేషన్ రోజున సాంస్కృతిక శాఖవాళ్ళకు మాత్రమే సెలవు వచ్చింది. ఆ శాఖ మాజీ డైరెక్టరు ఎవరో పోయారట. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కంట్లో చుక్కలు వేసి, ఆవిడను థియేటర్ దాకా తీసుకెళ్ళారు. తలుపు పక్కన తెర మీద చక్రం తిరుగుతోంది. డాక్టరు చేతులు కడుక్కుని, తడి చేతులు గాల్లో పెట్టుకుని నిలబడింది. సరేసారు భార్య తల దగ్గర నిలబడ్డాడు.

"ఏమని వస్తోందండీ?" అని అడిగింది టీచరమ్మ. చుక్కల మందుకు ఆవిడకు ఏమీ కనబడటం లేదు.

"మంత్రిగారు వస్తున్నారని."

"ఎక్కడిదాకా వచ్చారట?"

సరేసారు తెర కేసి చూశాడు. ఇవాళ నవ్వాలా ఏడవాలా తేల్చుకోలేక ముఖం అక్కడే ఆగిపోయిందని ఆయనకు తెలుసు. తాను రాయించిన సాఫ్ట్‌వేర్ ఇంత నిక్కచ్చిగా పనిచేయడం ఆయన మొదటిసారి కళ్ళారా చూశాడు. మధ్యాహ్నం దాకా చూసి స్ట్రెచర్‌ను మళ్ళీ వార్డుకు తోసుకొచ్చారు.

ఇదిలా ఉండగా మంత్రివర్గంలో అలజడి రేగింది. "పిల్లలు పుట్టేది నా ఆసుపత్రుల్లో, నవ్వేది ఆయనా?" అని ఆరోగ్య మంత్రి అడిగాడు. "బస్సులు నావి" అన్నాడు రవాణా మంత్రి. న్యాయమైన మాటే. మంత్రులు పదిమంది. పదిమంది ఫొటోలూ ఒకదాని వెనక ఒకటి, పథకం పెట్టిన మంత్రిగారిది ముందు, మిగతావి హోదా ప్రకారం రావాలని తీర్మానించారు. ముందువాడు పూర్తిగా వచ్చాకే వెనకవాడు బయల్దేరాలి. పదోవాడు వచ్చాక పని మొదలవుతుంది.

దీని మీద మంత్రిగారి గదిలో సమావేశం జరిగింది. సరేసారు, టెస్టింగ్ మేడమ్, బామ్మర్దిగారు హాజరయ్యారు. భార్య స్ట్రెచర్ ఇంకా కళ్ళలో మెదులుతుండటం వల్ల కాబోలు, సరేసారు తన సర్వీసులో మొట్టమొదటిసారి అభ్యంతరానికి దగ్గరగా వచ్చాడు.

"సార్, ఒక్కో ఫొటో వందసార్లలో తొంభైతొమ్మిదిసార్లు వస్తుందండీ. ఒక్కసారి రాదు."

"తొంభైతొమ్మిది శాతం నమ్మకం. మంచిదే కదయ్యా. అది ఒక్క ఫొటోకి. పది ఫొటోలకి?" అంటూ మంత్రిగారు కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచారు. "తొమ్మిది వందల తొంభై."

బామ్మర్దిగారు "నూటికా బావా?" అన్నారు.

"నూటికే."

టెస్టింగ్ మేడమ్ గొంతు సవరించుకుంది. "సార్, వాటిని కూడకూడదండీ. హెచ్చవేయాలి."

"హెచ్చవేస్తే ఇంకా పెరుగుతుంది కదమ్మా" అన్నారు మంత్రిగారు వినయంగా. "మరీ అంత గొప్పలు మనకొద్దు. తొమ్మిది వందల తొంభై చాలు."

మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. 'నూటికి తొమ్మిది వందల తొంభై శాతం నమ్మకం'. ప్రతిపక్షం వాళ్ళు అంకె మీద మాట్లాడలేదు. తాము అధికారంలోకి వస్తే దాన్ని రెండువేలు చేస్తామన్నారు.

వార్డులో టీచరమ్మకు పేపరు చదివి వినిపించేది సరేసారే. ఆ వార్త దాటేద్దామని చూశాడు గానీ పక్క మంచం పేషెంటు పైకి చదివేసింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని విన్నది.

"ఏమండీ, పది ఫొటోలూ వస్తేనే కదా తలుపు తెరుచుకునేది?"

"అవును."

"తొంభైతొమ్మిదిని తొంభైతొమ్మిదితో అలా పదిసార్లు హెచ్చవేసుకుంటూ పోతే నూటికి తొంభైకి దిగుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేస్తారు. అంటే పదిమందిలో ఒకళ్ళు తలుపు బయటే."

"ఒక్కళ్ళే కదా" అన్నాడు సరేసారు. అలవాటు మీద అనేశాడు, అని నాలుక కరుచుకున్నాడు.

"ఆ ఒక్కళ్ళూ ఎవరండీ?"

రెండోసారి తీసుకెళ్ళినప్పుడు తొమ్మిది ముఖాలు వచ్చాయి. ఒక్కొక్క ముఖమూ వచ్చి, ధైర్యం చెప్పే చూపు చూసి, పక్కకు జరిగింది. సరేసారు ఒక్కొక్కరికీ లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు. పదోది రాలేదు. పశుసంవర్ధక మంత్రిగారికి జుట్టు నలుపు చేసిన కొత్త ఫొటో పెట్టే పనిలో ఉన్నారట బామ్మర్దిగారు. పాతది తీశారు, కొత్తది ఇంకా ఆరలేదు.

డాక్టరు చేతి తొడుగులు విప్పి బుట్టలో వేసింది. "తెర సగం దిగిపోయింది సార్. ఇంకోసారి వెనక్కి పంపితే, ఆ తర్వాత నేను చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే" అంది.

"వెధవ తలుపు పగలగొట్టేద్దాం డాక్టరుగారూ" అన్నాడు సరేసారు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని చుట్టూ చూశాడు.

"తలుపు పగలగొట్టొచ్చు. మత్తుమందు బీరువా ఇనుపది."

సూపరింటెండెంటుగారు మాత్రం సీలు వేసిన సంచి ఉన్న సొరుగు వైపు చూసి, "నాకు పిల్లలున్నారండీ" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుళ్ళే పదిమంది, ఆయన్ని అనుకుని ఏం లాభం.

మూడోసారికి రోజు ఖాయమైంది. సరిగ్గా దానికి ముందు కూటమి నేతగారు అలిగారు. ప్రభుత్వం నిలబడింది ఆయన పార్టీ మద్దతు మీద. పదిమంది మంత్రుల్లో ఆయనా ఒకరు, ఆయన ఫొటో వరసలో నాలుగోది. రెండోది కావాలన్నారు. కుదరదన్నారు. ఆయన తన అనుచరులతో ఒక హోటల్‌కి వెళ్ళి తలుపులు వేసుకుని, "మద్దతు ఉంచుతున్నాను, ముఖం ఉపసంహరించుకుంటున్నాను" అని ప్రకటించారు. రాజకీయాల్లో ఇంత సున్నితమైన అలక ఇంతకుముందు ఎవరూ అలగలేదు.

నాలుగో ముఖం పోయింది. ఐదోది నాలుగోదాని కోసం, ఆరోది ఐదోదాని కోసం కూర్చున్నాయి. అన్ని పనుల ముందూ చక్రం తిరగడం మొదలైంది. బస్సు పాసులు లేవు, నీళ్ళు లేవు. ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆ వారం దేశంలో ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. మరణాలను పూర్తిగా అరికట్టిన ఘనత తమదేనని ఆరోగ్య శాఖ ఒక ప్రకటన ఇచ్చింది.

"ఆ నాలుగోదాని కోసం ఆగొద్దని సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరస మారిస్తే చాలు సార్" అంది టెస్టింగ్ మేడమ్. "ఇక్కడే కూర్చుని మార్చేస్తాను."

కానీ ఏ నాయకుడి ముఖాన్నైనా దాటి వెళ్ళాలంటే మంత్రివర్గ సమన్వయ సంఘం అనుమతి కావాలి. అనుమతి లేకుండా దాటడం నేరమని ఉత్తర్వులోనే ఉంది. అనుమతికి దరఖాస్తు ఎక్కడ పెట్టాలో కూడా ఉంది. సరేసారు 'ఒకే గుమ్మం' తెరిచి దరఖాస్తు పెట్టబోయాడు. మంత్రిగారు వస్తున్నారని చక్రం తిరిగింది.

ఆపరేషన్ రోజున పొద్దున్నే సరేసారు మంత్రిగారి బంగళాకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి భార్యను మళ్ళీ ఆ తలుపు దాకా తీసుకెళ్తారు. మంత్రిగారు వరండాలో కూర్చుని, తెర మీద వరసగా తన ముఖమూ, రెండోదీ, మూడోదీ వచ్చి ఆగిపోవడం దిగులుగా చూస్తున్నారు.

"ముడి విప్పేద్దాం సార్" అన్నాడు సరేసారు. "ఫొటోల దారి ఫొటోలది, పనుల దారి పనులది. ఒకటి ఆగినా రెండోది ఆగదు."

"అంటే మా ఫొటోలు రాకపోయినా పనులు జరిగిపోతాయా?"

"జరిగిపోతాయి సార్."

"మరి అది జనానికి తెలిసిపోదూ?"

సరేసారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఆవిడ కన్ను సార్. కుడికన్ను. ఇవాళ కాకపోతే ఇక రాదట."

మంత్రిగారు కళ్ళజోడు తీశారు. ఆ ముఖంలో విషాదం ఎవరూ ఏదీ గుర్తుచేయకుండానే వచ్చింది. "ఇంజనీరు గారూ, ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని నాతో ఒక్కమాట చెప్పలేదేమయ్యా" అన్నారు. కాసేపు ఆలోచించారు. మంత్రిగారు ఆలోచిస్తున్నప్పుడు చూడటం ఒక భాగ్యం.

"మన పోర్టల్లో ఇప్పుడు అసలు ఆగిపోయినవేమిటి? ఫొటోలా, పనులా?"

"పనులే సార్. ఫొటోలు మూడు వస్తూనే ఉన్నాయి."

"పాపం, ఆ వచ్చేవాటికి చెడ్డపేరు ఎవరివల్ల?"

"ఎవరివల్ల సార్?"

"పనులవల్ల. జనం తిట్టేది పని కాలేదని కదా. పనులు తీసెయ్యండి."

"సార్?"

"పుట్టుకలు, చావులు, బస్సులు, ఆపరేషన్లు, అన్నీ. పోర్టల్ తేలికవుతుంది. జనం మన కంటే ముందు ఎక్కడికి పోయేవాళ్ళో అక్కడికే పోతారు. ఫొటోలు మాత్రం ఒకదాని కోసం ఒకటి ఆగక్కర్లేదు. ఇప్పుడు వాటి వెనక ఏమీ లేదు కనుక, ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తారు."

కుదరదని చెప్పడానికి సరేసారు నోరు తెరిచాడు. జన్మలో ఆ మాట అనలేదు కనుక అది ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. వెతుకుతుండగా బుర్రలో వెలిగింది. ఆపరేషన్లు పోర్టల్లోంచి తీసేస్తే, థియేటర్ తలుపు ఎవరిది? తాళంచెవిది.

"సరే సార్" అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ అనలేదు.

ఆఫీసుకు పరుగెత్తుకొచ్చి, టెస్టింగ్ మేడమ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్క సేవనూ పీకేయించాడు. "ఇన్నాళ్ళూ చెడకుండా చూడమన్నారు, ఇవాళ లేకుండా చేయమంటున్నారు. ఇదేదో తేలిగ్గానే ఉంది సార్" అంది ఆవిడ. మొట్టమొదట పీకింది కంటి ఆసుపత్రిని. ఉత్తర్వు కాపీ చేతపట్టుకుని సరేసారు ఆసుపత్రికి వెళ్ళేసరికి స్ట్రెచర్ తలుపు దగ్గరే ఉంది. సూపరింటెండెంటుగారు ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని, సొరుగులో సంచి తీసి, సీలు తెంపారు. చౌకీదారు తాళంచెవి తిప్పాడు. కిర్రుమంది గానీ తెరుచుకుంది. తెరుచుకోవడానికి ఎవరి ముఖమూ చూడలేదు.

కట్టు విప్పిన రోజు టీచరమ్మ చాలాసేపు రెప్పలాడించి, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది.

"ఏమిటండీ, ఇంత చిక్కిపోయారు?" అంది.

సరేసారు ఏడ్చేశాడు. పక్క మంచం పేషెంటు చూస్తోందని కూడా చూసుకోలేదు. కుడికన్ను గట్టెక్కింది, ఇక ఎడమది ఉంది, వచ్చే నెల ఆఖర్లో పెట్టుకుందాం అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయింది.

ఊళ్ళో కౌంటర్లు తెరిచారు. గుమాస్తాలు స్టాంపు ప్యాడ్‌లు తడి చేసుకున్నారు. వాయిదా పడిన పుట్టుకలూ చావులూ వరసలో నిలబడి, తిట్టుకుంటూ, కాగితాలు పట్టుకుని వెళ్ళిపోయాయి. బస్సు పాసు ఆగితే బస్సు పాసే ఆగింది. దీన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు, ఏ పత్రికా వేయలేదు.

పత్రికలు వేసింది పోర్టల్ సంగతి. కూటమి నేతగారిని రెండో స్థానంలోకి తెచ్చాక ఆయన ముఖం తిరిగొచ్చింది. ఇప్పుడు 'ఒకే గుమ్మం' తెరవగానే రెప్పపాటులో పది ముఖాలూ ప్రత్యక్షమవుతున్నాయి. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎక్కడో దూరదేశంలో నమ్మకమైన సాఫ్ట్‌వేర్లకు బహుమతులిచ్చే సంస్థ ఒకటి ఏడాది పొడుగునా పరీక్ష పెట్టాల్సినదాన్ని వారంలోనే ముగించి, నూటికి నూరు మార్కులు వేసింది. తొమ్మిది వందల తొంభై నుంచి నూటికి దిగడం మంత్రిగారికి కాస్త బాధగానే ఉన్నా, పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

బహుమతి ప్రదానానికి పెద్ద హాలు తీసుకున్నారు. ముందు వరసలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని టీచరమ్మ కూర్చుంది. వేదిక మీద చివరి కుర్చీలో సరేసారు. పళ్ళెంలో పతకం వచ్చింది, చప్పట్లు అయ్యాయి, విలేకరుల ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఈ పోర్టల్ ఇప్పుడు ఏం చేస్తుందండీ?" అని ఒకాయన అడిగాడు.

"ఆగదు" అన్నారు మంత్రిగారు.

"ఆగకుండా ఏం చేస్తుంది?"

"ఆగకుండా ఉంటుంది." హాలు చప్పట్లతో మోగింది. మంత్రిగారు చెయ్యెత్తి ఆపి, "సాంకేతిక వివరాలు మా చీఫ్ ఇంజనీరుగారు చెబుతారు" అని మైకు అందించారు.

సరేసారు మైకు పట్టుకుని లేచాడు. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉంది. ముందు వరసలో భార్య నల్లద్దాలు తీసి, కుడికంటితో ఆయన్నే చూస్తోంది. ఆ కంటి ముందు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పది ఫొటోలు చూపిస్తుందండీ" అన్నాడు. "వాటి వెనక ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టే చెడిపోదు."

ఉద్యోగం ఊడిందని సరేసారు ఖాయం చేసుకున్నాడు. పెన్షను సంగతి కూడా ఒక్క క్షణం తలపుకు వచ్చింది. పోతే పోనీ అనుకున్నాడు, ప్రాణం హాయిగా ఉంది.

ముందుగా లేచింది మంత్రిగారు. లేచి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. ఆయన వెనక మిగతా తొమ్మిదిమంది, వాళ్ళ వెనక హాలు హాలంతా లేచి నిలబడింది. ఇంత సూటిగా, ఇంత వినసొంపుగా తమ కృషిని ఎవరూ చెప్పలేదని కూటమి నేతగారు కళ్ళు తుడుచుకున్నారు.

చప్పట్లు సద్దుమణిగాక వెనక వరసలోంచి కంటి ఆసుపత్రి సూపరింటెండెంటుగారు లేచి చేతులు జోడించారు.

"అయ్యా, మా థియేటర్లో ఆపరేషన్లు నూటికి నాలుగైదు చెడుతున్నాయని పేపర్లు రాస్తున్నాయి. మాక్కూడా ఇలా నూటికి నూరు చేసిపెట్టే మార్గం ఏదైనా ఉందా?"

"ఎందుకు లేదయ్యా" అన్నారు మంత్రిగారు. "ఇంజనీరుగారు ఇక్కడే ఉన్నారు. వచ్చే నెల మొదట్లోనే చేసేస్తారు. ఏమంటారు ఇంజనీరు గారూ?"

హాలంతా సరేసారు వైపు తిరిగింది. ముందు వరసలో టీచరమ్మ ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకుంది. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.